ఈ వీడియో ఎప్పటిది?

మా అన్నయ్య మిరప రైతు. పల్నాడులో మూడెకరాల సొంత చేను, రెండెకరాల కౌలు. 2021 నవంబరులో ఒక రాత్రి ఫోను చేశాడు. "పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లగా కదులుతున్నాయమ్మా. ఇన్నేళ్లలో ఈ పురుగును నేను చూడలేదు" అన్నాడు. వెనక నుంచి వదిన ఎవరితోనో మందుల షాపు బాకీ గురించి మాట్లాడటం వినిపిస్తూనే ఉంది.

ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరప వేసినవారికి ఈ కథ కొత్త కాదు. రైతులు నల్ల తామర పురుగు అన్నారు, శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పైనస్ అన్నారు. మన దేశంలో దీన్ని 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మన మిరప మీద విరుచుకుపడింది మాత్రం 2021లో. అంతకుముందు మనకు తెలిసిన తామర పురుగు ఆకుల మీద చేరి పైముడత తెచ్చేది. ఇది నేరుగా పూతలోకే దూరింది. పువ్వు రాలింది, నిలిచిన కాయ గిడసబారింది. ఎంతోమంది కళ్లనీళ్లు పెట్టుకుని తోటలు పీకేసి మొక్కజొన్న వేసుకున్నారు.

ఆ రాత్రి అన్నయ్య చేసిన మొదటి పని ఫోనులో వీడియోలు వెతకడం. టైపు చేయడం చేతకాక మైకు నొక్కి "తామర పురుగు" అన్నాడు. తామర అంటే మన భాషలో పువ్వు, చర్మవ్యాధి కూడా. ముందు వచ్చినవన్నీ దురదకు పూసే మందుల వీడియోలే. వాటి కింద ఒక నిమిషం లోపు పొట్టి వీడియో ఒకటి: పచ్చటి తోట, నవ్వుతున్న మనిషి, చేతిలో సీసా, "ఒక్క పిచికారీతో తామర పురుగు మటుమాయం" అన్న పెద్ద అక్షరాలు. అన్నయ్య మర్నాడే ఆ సీసా తెచ్చి కొట్టాడు. వారం తిరగకుండా మళ్లీ కొట్టాడు. పురుగు తగ్గలేదు, అప్పు పెరిగింది.

సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ఆ వీడియో నాకు చూపించాడు. ఆడుతున్నంతసేపూ తెర మీద తేదీ ఎక్కడా లేదు. వివరణ తెరిచి చూస్తే అది 2020 అక్టోబరు నాటిది. అంటే ఈ పురుగు మా చేలోకి అడుగుపెట్టడానికి ఏడాది ముందు, మామూలు తామర పురుగు గురించి తీసినది. ఆ ఒక్క తేదీ కంటికి కనబడి ఉంటే అన్నయ్య ఆ మందు కొనేవాడు కాదు. అది ఏ యాప్‌లోదో, ఏ చానల్‌దో, ఆ మందు పేరేమిటో ఇక్కడ రాయను. నా బాధ వాళ్లొక్కరితో కాదు. వీడియోలు చూపించే యాప్‌లన్నీ కొన్నేళ్లుగా ఒకే దారిలో నడుస్తున్నాయి. మనం వెతుక్కునే సాధనాలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి, వాళ్లు చూపించేది పెరిగిపోతోంది.

ఈ రెండూ ఒకటే అనుకునేవారు ఒకసారి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. కొనడానికి వచ్చిన వ్యాపారి టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, విప్పించి, లోపలికి చెయ్యి పెట్టి, అడుగున ఉన్న కాయ బయటికి తీస్తాడు. విరుస్తాడు, తేమ చూస్తాడు, రంగు చూస్తాడు, పక్క లాటుకు పోతాడు. అమ్మేవాడు గుప్పెడు కాయలు తెచ్చి చేతిలో పెట్టి ఇదే సరుకు అంటే ఒప్పుకోడు. వెతకడమంటే అది. చేతిలో పెట్టింది పుచ్చుకోవడం వేరే పని. మన రైతుకు ఫోనులో ఇప్పుడు దక్కుతున్నది ఈ రెండోదే.

యూట్యూబ్ సంగతే తీసుకుందాం. దాని మార్పులు చాలావరకు బహిరంగంగా ప్రకటించినవే కనుక మాట్లాడటం సులువు. 2012లో ఎన్ని క్లిక్కులు వచ్చాయన్న లెక్క పక్కనపెట్టి, ఎంతసేపు చూశారన్న లెక్కను ముందుకు తెచ్చారు. అందులో తప్పేమీ లేదు, బొమ్మ చూపించి మోసం చేసే వీడియోలను వెనక్కి నెట్టడానికి అది కావలసిందే. 2018 నాటికి జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా సిఫార్సుల వల్లే వస్తోందని ఆ సంస్థ ఉత్పత్తుల అధిపతి నీల్ మోహన్ చెప్పారు. ఇప్పుడు ఆయనే ఆ సంస్థకు సీఈఓ. ఒకసారి ఆలోచించండి. మనం పది గంటలు చూస్తే అందులో ఏడు గంటలు మనం అడగకుండా ఎదురుగా వచ్చినవి.

2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ సెప్టెంబరులో యూట్యూబ్ తన పొట్టి వీడియోల విభాగం షార్ట్స్‌ను తొలిసారిగా ప్రయోగించింది మన దేశంలోనే. వేలితో పైకి తోస్తే ఒకటి, మళ్లీ తోస్తే మరొకటి. దానికి వెతకడంతో పని లేదు. వినోదానికి అది సరిపోతుందేమో, చేలో పురుగు పడిన మనిషికి సరిపోదు.

అన్నిటికంటే నాకు కడుపు మండించింది డిస్‌లైక్‌ల లెక్క. 2021 నవంబరులో, సరిగ్గా మా ప్రాంతంలో పూత రాలుతున్న ఆ నెలలోనే, యూట్యూబ్ ఆ లెక్కను చూసేవారికి కనబడకుండా చేసింది. వీడియో పెట్టినవారికి మాత్రం అది ఇప్పటికీ కనబడుతుంది. కొందరు కక్షకట్టి గుంపుగా డిస్‌లైక్‌లు కొడుతున్నారని, చిన్న చానళ్లవారు నలిగిపోతున్నారని సంస్థ కారణం చెప్పింది. ఆ బాధ నిజమే, కాదనను. కానీ ఆ అంకె మన ఊళ్లలో చేసిన పని వేరు. చదువు పెద్దగా లేని రైతు కూడా లైక్, డిస్‌లైక్ గుర్తుల దగ్గర ఉన్న రెండు అంకెలు పోల్చుకునేవాడు. వెయ్యి మంది బాగుందని, తొమ్మిది వందల మంది బాగాలేదని అంటే ఆ మందు జోలికి వెళ్లేవాడు కాదు. టిక్కీలో పెట్టే చెయ్యి అది. యూట్యూబ్ స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీం కూడా ఈ మార్పును గట్టిగా తప్పుపట్టారు. 2005లో యూట్యూబ్‌లోకి ఎక్కిన మొట్టమొదటి వీడియో ఆయనదే. దాని కింద వివరణ మార్చి మరీ తన అభ్యంతరం రాశారు. స్థాపించిన మనిషి చెబితేనే వినలేదు, ఇక పల్నాడు రైతు మాట ఎవరు వింటారు?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 2022 చివర్లో ఒక చానల్‌లో పాత వీడియోల నుంచి వరుసగా చూసే వీలు తీసేశారు. జనం గోల పెట్టాక 2023లో మళ్లీ ఇచ్చారు. అడిగితే వెనక్కి వస్తాయనడానికి అదొక ఆధారం, అందుకే దాన్ని గుర్తుపెట్టుకున్నాను. 2025 జూలైలో, అప్పటికప్పుడు జోరుగా నడుస్తున్న వీడియోలను చూపే ట్రెండింగ్ పేజీని, పదేళ్లుగా ఉన్నదాన్ని, ఎత్తేశారు. అది పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు, అందులో ఏనాడూ సినిమా ట్రైలర్లు దాటి వ్యవసాయం కనబడలేదు. అయినా అందరికీ ఒకటే కనిపించే పేజీ అదొక్కటి ఉండేది. ఇప్పుడు అన్నయ్య ఫోనులో ఒక లోకం, నా ఫోనులో ఒక లోకం. 2026 జనవరిలో వెతికే చోట ఉన్న ఫిల్టర్లలో "గత గంట"ను, రేటింగ్ ప్రకారం పేర్చడాన్ని తీసేశారు. అదే మార్పులో పొట్టి వీడియోలను పక్కనపెట్టి మామూలు వీడియోలను మాత్రమే చూసే వీలు ఇచ్చారు. ఇచ్చినదాన్ని ఇచ్చారని చెప్పాలి. ఇది నిజంగా పనికొచ్చే మార్పు, వెంటనే వాడుకోండి.

"నచ్చనివి వద్దని నొక్కితే సరిపోతుంది కదా" అని ఆఫీసులో ఒకాయన అన్నాడు. సరిపోదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వెనక ఉన్న మొజిల్లా ఫౌండేషన్ 2022లో 20 వేలకు పైగా యూట్యూబ్ వాడకందార్ల సాయంతో పరిశీలిస్తే, ఒక చానల్‌ను సిఫార్సు చేయవద్దని నొక్కినా వద్దనుకున్న రకం సిఫార్సులు తగ్గింది 43 శాతమే. ఆసక్తి లేదని చెప్పే బటన్ అయితే 11 శాతమే ఆపగలిగింది. రోజంతా ఫోను పట్టుకుని కూర్చునే మనకే ఇలా ఉంటే, పొద్దున ఆరింటికి చేలోకి వెళ్లి సాయంత్రం వచ్చే మనిషి ఆ బటన్లతో ఎక్కడ కుస్తీ పడతాడు?

అలాగని ఊరుకోలేదు. ఆ సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు అన్నయ్యను, వదినను కూర్చోబెట్టుకుని ఒక పద్ధతి వేసుకున్నాం. తర్వాత వచ్చిన మార్పులతోపాటు దాన్నీ సవరించుకుంటూ వచ్చాం.

అన్నిటికంటే బాగా పనిచేసింది చూసిన వీడియోల చరిత్రను ఆపేయడం. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్‌లో చరిత్ర ఆపితే మొదటి పేజీ ఖాళీగా కనిపిస్తుంది. ఏదో శిక్షలా అనిపిస్తుంది గానీ, మాకు అది కల్లం ఊడ్చి శుభ్రం చేసుకున్నట్టయింది. యాప్ తెరిస్తే ఏమీ ఉండదు. కావలసింది అడగాలి, లేదా సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లాలి. అక్కడ విశ్వవిద్యాలయాల, పరిశోధన కేంద్రాల చానళ్లు, చేను చూపిస్తూ మాట్లాడే నలుగురు రైతుల చానళ్లు మాత్రమే ఉంచాం. ఆ పేజీలో చాలావరకు కొత్తది పైన, పాతది కింద ఉంటుంది. మొదటి పేజీలోలా ఎవరి తెలివీ మధ్యలో అంతగా దూరదు.

మైకులో మాట్లాడేటప్పుడు "తామర" అని వదిలేయకుండా "మిరప నల్ల తామర పురుగు" అని పంటతో కలిపి చెప్పడం నేర్చుకున్నాడు. మొదట్లో "నాకు తెలిసిన మాట దానికి తెలియదా" అని విసుక్కునేవాడు. ఆ విసుగులో న్యాయం ఉంది. ఆ తర్వాత ఫిల్టర్‌లోకి వెళ్లి ఈ నెలవో, ఈ ఏడాదివో ఎంచుకుంటాడు. డిస్‌లైక్ లెక్క పోయింది కనుక వ్యాఖ్యలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి పది చదువుతాడు. పొగడ్తలన్నీ ఒకే మూసలో ఉంటే, లేదా వ్యాఖ్యలే మూసేసి ఉంటే, ఆ వీడియో వదిలేస్తాడు. సీసా మీద సాంకేతిక నామం, అంటే లోపలి రసాయనం పేరు, లేని మందు ఎవరు ఎంత చెప్పినా కొనడు. అనుమానం తీరకపోతే ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి వెళ్తాడు, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోను చేస్తాడు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. నీలి రంగు జిగురు అట్టల సంగతి, అదే పనిగా మందులు కొడితే మిత్ర పురుగులు చచ్చి నల్ల తామర ఇంకా పెరుగుతుందన్న సంగతి మాకు స్పష్టంగా చెప్పింది మనుషులే. ముందే వాళ్లను అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

తెలుగులో వ్యవసాయ వీడియోలు చేసేవారికి చేతులెత్తి ఒక విన్నపం. మీలో చాలామంది ఎండలో చేల గట్ల మీద నిలబడి కష్టపడుతున్నారని తెలుసు. దయచేసి వీడియో మొదలుపెట్టగానే తేదీ నోటితో చెప్పండి. ఏ ఊరు, ఏ రకం, నాటి ఎన్ని రోజులైందో చెప్పండి. శీర్షికలో పంట పేరు, పురుగు పేరు తెలుగు అక్షరాల్లో పూర్తిగా రాయండి. మందు కంపెనీ డబ్బిస్తే ఆ మాట దాచకండి. పాత వీడియోను ముక్కలు చేసి పొట్టి వీడియోలుగా పెట్టేటప్పుడు అది ఏ సంవత్సరానిదో తెర మీద పెద్దగా వేయండి. యాప్ తేదీని దాచినా, మీ గొంతులో ఉన్న తేదీని ఎవరూ దాచలేరు.

యాప్‌లు నడిపేవారిని అడిగేది కూడా పెద్ద కోరిక కాదు. పొట్టి వీడియో మీద తేదీ కనబడనివ్వండి. మందుల గురించి, వైద్యం గురించి చెప్పే వీడియోలకైనా డిస్‌లైక్ లెక్క తిరిగి చూపించండి.

మా వదిన దగ్గర ఒక పొడవాటి నోటుపుస్తకం ఉంది. పాల లెక్క రాసుకునేది. ఇప్పుడు దానికి వెనకవైపు నుంచి వీడియోల లెక్క రాస్తోంది. చానల్ పేరు, ఏం చెప్పారు, ఏ తేదీ అన్న మూడు గళ్లు నేను గీసిచ్చాను. నాలుగోది తనే గీసుకుంది: "మన చేలో తగ్గిందా?" అందులో తగ్గితే టిక్కు, తగ్గకపోతే ఇంటూ. గత పంటకు రాసిన పేజీలో ఇంటూలే ఎక్కువ ఉన్నాయి. మొన్న పక్క చేను ఆయన వచ్చి కూర్చుని, ఆ పేజీ మొత్తం ఫోటో తీసుకుని వెళ్లాడట. తర్వాతి రోజు ఇంకో ఇద్దరు వచ్చారు.