సీరియల్ రాసినవాళ్లకీ ఓ కుర్చీ వేయండి

పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి మా విజయనగరం వెళ్లి నెల్లాళ్లు ఉన్నాను. రాత్రి ఏడున్నర అయ్యేసరికి అమ్మా, పక్కింటి పిన్నీ టీవీ ముందు చేరిపోయేవారు. ఓ రోజు అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సీరియల్లో అత్తగారు కోడల్ని ఇంట్లోంచి పొమ్మంది. కోడలు గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "రేపు పొద్దున్న మీ మాత్రలు ఎవరిస్తారత్తయ్యా?" అంది. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. పిన్ని కళ్లొత్తుకుంటూ, "ఒలమ్మో, ఎంత మాటన్నాదప్పా!" అంది.

"ఆ మాట రాసిందెవరమ్మా?" అనడిగాను.

"రాయడవేటి? ఆ పిల్లే కదా అన్నాది!"

రచయితకి ఇంతకన్నా పెద్ద మెప్పు ఉండదు. అయితే ఆ మెప్పు అతనిదాకా చేరడం లేదన్నదే నా బాధ. 'కార్తీక దీపం' 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా పదిహేను వందల పైచిలుకు భాగాలు నడిచింది. అందులోని వంటలక్క, డాక్టర్ బాబు అంటే మా వీధిలో తెలియని ముసలమ్మ లేదు. కథ మలయాళ సీరియల్ నుంచి వచ్చింది. మరి దాన్ని మన అమ్మల నోట పలికే తెలుగు చేసిందెవరు? వీధి వీధంతా తిరిగి అడిగాను, ఒక్కరూ చెప్పలేకపోయారు. పేర్లు పడేది మొదట వచ్చే పాట మీద. ఆ పాట వస్తుంటే మా అమ్మ స్టవ్ కట్టేసి రావడానికి వంటింట్లోకి వెళ్తుంది.

నాతో డిగ్రీ చదివినవాడొకడు, చీపురుపల్లి వైపువాడు, తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో సీరియళ్లకి మాటలు రాస్తున్నాడు. మొదటి రెండేళ్లు వాడు రాసిందంతా ఇంకొకరి పేరున వెళ్లింది. పండక్కి ఊరొచ్చినప్పుడు అయ్యకోనేరు గట్టు మీద కూర్చుని ఆ పని ఎలా ఉంటుందో విడమరిచి చెప్పాడు. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు మరొకరివి. అరగంట స్లాటులో ప్రకటనలు పోను ఇరవై, ఇరవై రెండు నిమిషాలు మిగుల్తాయి. అవి వారానికి ఐదారు రోజులు నింపాలి. ఎంతమంది చూశారో చెప్పే రేటింగులు గురువారం వస్తాయి. అంకె తగ్గితే నెల రోజులకి అనుకున్న కథ ఆ సాయంత్రమే మారిపోతుంది. నటి సెలవు పెడితే ఆమె పాత్ర ఆసుపత్రిలో చేరుతుంది. తెల్లారి ఆరింటికి ఫోనులో సీన్ పంపిస్తే, తొమ్మిదింటికి ఆ కాగితాలు సెట్లో ఉంటాయి.

సీరియల్లో మనుషులు ఒకరినొకరు మాటిమాటికీ పేరు పెట్టి ఎందుకు పిలుచుకుంటారో నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. వాడు చెప్పాడు: "మీ అమ్మ పోపు వేస్తూ వింటాది రా. తెర సూడదు. ఎవరు ఎవరితో అంటన్నారో సెవికి తెలియాలి. నిన్నటి ఎపిసోడ్ సూడనోళ్లకి నిన్నేటయిందో కూడా అందులోనే సెప్పీయాలి. అదీ మాట అతికించినట్టు కాకుండా." ఆ రాత్రి నేను కళ్లు మూసుకుని సీరియల్ విన్నాను. అంతా తెలిసింది. అంత లెక్క ఉన్న పనిని మనం "ఏడుపుగొట్టు సీరియళ్లు" అని ఒక్క మాటతో తీసిపారేస్తున్నాం. సాగదీత లేదని నేననను, ఉంది. అయితే ఎంత సాగాలో చెప్పేది అంకెలు, రాసేవాడు కాదు.

వాడికి ఇంకో బాధ ఉంది. తన యాసలో వాడు హీరోయిన్‌కి మాట రాయకూడదు. "ఏటి, ఎల్లొస్తాను" అనేది పనిమనిషో, నవ్వించే పాత్రో అయ్యుండాలి. ఇది విన్నప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది. 1892లో ఇదే విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడారు. గురజాడ అందులో ఎవరి నోటికి వాళ్ల మాట ఇచ్చారు, జనానికి తెలిసే వాడుక భాషలో రాశారు. ఆ జిల్లా పిల్లాడు ఇవాళ తన అమ్మ మాటని హైదరాబాదు పొలిమేరలో విడిచిపెట్టి లోపలికెళ్లాలా?

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. ఏ మూల పత్రికలో అచ్చయిన కథనైనా దాచిపెట్టాలన్న పట్టుదలతో వేలకి వేలు పోగుచేశారు. సీరియళ్ల స్క్రిప్టులు దాచే చోటు మాత్రం నేనెక్కడా చూడలేదు. మా వాడి తొమ్మిదేళ్ల రాత, షూటింగ్ అయ్యాక సెట్లో నేల మీద పడి, సాయంత్రం చీపురుకి పోయింది.

రచయితని గుర్తు పెట్టుకోవడం మనకి చేతకాక కాదు. 1984లో దూరదర్శన్‌లో హిందీ సీరియల్ 'హమ్ లోగ్' వచ్చినప్పుడు, దాన్ని రాసిన మనోహర్ శ్యామ్ జోషీ పేరు దేశానికి తెలిసింది. దూరదర్శన్ 'మహాభారత్' మాటలు రాహీ మాసూమ్ రజావని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక మనం ఉంటున్న ఈ అమెరికాలో 2023లో సినిమా, టీవీ రచయితలు 148 రోజులు పని మానేసి రోడ్డు మీద నిలబడ్డారు. ఆ వార్తలు చూసి మనమంతా "వాళ్లది న్యాయమే" అన్నాం. మన రచయితల దగ్గరికొచ్చేసరికి ఆ మాట మన నోట రాదేం?

ఇక్కడి మన తెలుగు సంఘం కమిటీ పెద్దలకి నా మనవి ఇది. వచ్చే మహాసభకి హీరోలని పిలవండి, వద్దనను. వాళ్లతోపాటు ఒక్క సీరియల్ రచయితకి టిక్కెట్టు కొనండి. పెద్ద హాల్లో, జనం ఉండే వేళలో, గంట సేపు మాట్లాడనివ్వండి. ఇక్కడి పిల్లల దగ్గరికొచ్చి ఉంటున్న అమ్మమ్మలూ నాన్నమ్మలూ అడిగే ప్రశ్నలకి ఆ గంట చాలదు, చూడండి. అలాగే మన సంఘం నిధిలోంచి కొంత తీసి, దొరికినన్ని స్క్రిప్టులు స్కాన్ చేయించి దాచుదాం. మొదటి విరాళం నాది.

ఇది రాసే ముందు మా వాడికి ఫోన్ చేసి, నీ పేరు వేస్తానురా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒద్దురా, ఉన్న పని పోతాది" అన్నాడు.