కారు గారూ, ఒక్క రాత్రి గమ్మునుండండి

మహారాజశ్రీ ఎలక్ట్రిక్ కారు గారికి,

నెల్లూరు నుంచి తమరి తాళాలు మోసేవాళ్లు నమస్కరించి రాసేదేమంటే, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గంటకోసారి ఫోన్లో చూస్తూనే ఉన్నాం. అసలు గొడవంతా అదే, కిందికి పోతే తెలుస్తుంది.

తమరికి రాత్రి రైలెక్కాలని బుద్ధి పుట్టిందట. తప్పులేదు. ఈ పక్కనుంచి దూరప్రయాణం కట్టినవాళ్లలో తమరే మొదటివారు కాదు. మన ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ పోయినాయి. వాటి సంతతిని అక్కడ ఇప్పటికీ ‘నెలోర్’ అనే పిలుస్తారు. గిత్తకు పలుపు, ఇంత గడ్డి, తొట్టిలో నీళ్లు ఉంటే చాలు. రాత్రయితే పడుకుని నెమరేసుకుంటుంది. తమరు పడుకోరు. మా బాధంతా ఇదే.

ముందు చోటు సంగతి. సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రంతా నడిచి సికింద్రాబాద్ పోతుంది కదా, అందులో పడేద్దాం అంటే కుదరదు. ట్యాంకు ఖాళీ చేసి గోనెపట్టాలు చుట్టించుకుంటే మోటారు సైకిలుకు లగేజీ పెట్టెలో చోటిస్తారు. తమరికి ఆ తలుపే పట్టదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త కార్లకు వేరే గూడ్సు బండ్లున్నాయి. వయసైపోయిన ప్రయాణికుల పెట్టెలకు కిటికీలు మూసేసి, చివర తలుపులు పెట్టి తయారుచేసినవి వాటిలో చాలా ఉన్నాయి. మేము ఏళ్ల తరబడి నిలబడి పోయిన పెట్టెల్లో ఇప్పుడు కార్లు కాళ్లు చాపుకుని పోతున్నాయి. అక్కడ కూడా సెకండ్ హ్యాండ్ తమరికి ప్రవేశం లేదు.

మనుషులూ కారూ ఒకే బండిలో రాత్రంతా పోవాలంటే మన దేశంలో కొంకణ్ రైల్వే దగ్గరికి పోవాలి. లారీలను 1999 నుంచే ఎక్కించుకుంటున్న ఆ రైల్వే, 2025లో గణపతి పండగ రోజులకని ఆగస్టు 23న మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్ణాకు కార్ల బండి మొదలుపెట్టింది. సాయంత్రం 5కు కదిలి తెల్లారి 5కు చేరేటట్టు పెట్టారు. అప్పటి రేటు కారుకు 7,875 రూపాయలు. కారుకు ముగ్గురే, వాళ్ల టిక్కెట్లు వేరే. ఇద్దరికి థర్డ్ ఏసీ, మూడో మనిషికి సెకండ్ సిట్టింగ్. ఆ మూడో మనిషి బావమరిదేనని వేరే చెప్పక్కర్లేదు. నెల్లూరు నుంచి కోలాడ్‌కు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. డ్రైవింగ్ తప్పించుకోవడానికి అంత దూరం డ్రైవ్ చేసి పోవాలన్న మాట.

రెండోది అమెరికాలో ఉంది. వర్జీనియాలోని లోర్టన్ నుంచి ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌కు పోయే ఆటో ట్రైన్. 855 మైళ్లు, సుమారు 17 గంటలు. 1971లో ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది, 1983 నుంచి అక్కడి ప్రభుత్వ రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ నడుపుతోంది. మనవడిని ఆడించడానికి ఆరు నెలలకని పోయిన కావలి, ఆత్మకూరు పెద్దవాళ్లకు ఈ బండి మీద పని పడే అవకాశం మనకు కొంకణ్ బండి మీద పడేంతే ఉంది. కాబట్టి రెంటికీ పనికొచ్చేటట్టే రాస్తున్నాం.

ఇక తమరి నిద్ర. పెట్రోలు కారుకు తాళం తీసేస్తే అది రాయితో సమానం. తమరు అట్టా కాదు. తాళం వేసి వెనక్కి తిరిగినాక కూడా లోపల సగంమంది మేలుకునే ఉంటారు. కాపలా కెమెరాలున్న బండైతే నాలుగు పక్కలా చూస్తూ 200 నుంచి 300 వాట్లు లాగుతూనే ఉంటుంది. 250 అని లెక్కేస్తే 12 గంటల కొంకణ్ రాత్రికి 3 యూనిట్లు, 17 గంటల అమెరికా రాత్రికి 4 యూనిట్ల పైన. 40 యూనిట్ల బ్యాటరీలో ఇది 7 నుంచి 11 శాతం దాకా పోతుంది. ముందు కారు, వెనక కారు, అన్నీ చక్రాలు కట్టేసి ఉన్నవే. వాటిలో ఎవరు తమర్ని ఎత్తుకుపోతారని ఈ కాపలా? ఆ మోడ్ తీసేయాలి. లోపల వేడెక్కకుండా దానంతట అదే ఏసీ వేసుకునే మోడ్ తీసేయాలి. రోజూ పొద్దున ఆఫీసు టైముకు చల్లబరిచే షెడ్యూల్ ఉంటే అదీ తీసేయాలి. లేకపోతే రైలు వ్యాగన్ మీద, ఒక్క మనిషీ లేని కారులో, సోమవారం ఏడున్నరకల్లా చల్లగాలి వీస్తుంటుంది.

అలారం ఇంకో తంటా. లోపల మనిషి కదలికను పట్టే సెన్సారు, బండి ఒరిగితే పట్టే సెన్సారు, రెండూ దొంగల కోసం పెట్టినవి. రైలు ఊగినప్పుడల్లా తమరికి దొంగే కనపడతాడు. హారన్ కొట్టి కొట్టి తమరికే నీరసం వస్తుంది. చాలా బండ్లలో ఈ రెంటినీ మెనూలో తాత్కాలికంగా ఆపొచ్చు. చిక్కేమంటే, అది ఆ ఒక్కసారి తాళానికే పనిచేస్తుంది. మధ్యలో తలుపు తీసి మళ్లీ వేస్తే సెన్సార్లు మళ్లీ మేలుకుంటాయి. అందుకని ఇది అన్నిటికంటే చివర చేసే పని. సంచి మర్చిపోయామని మళ్లీ తలుపు తీశారా, మొదటికొచ్చినట్టే.

యాప్ సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ఆపి తాళం వేసిన కారు కదిలితే దొంగతనమని తమరికి నేర్పారు. రైలు కదలగానే ‘మీ వాహనం కదులుతోంది’ అని ఫోనుకు కొడతారు. గీత గీసిన హద్దు దాటితే ఇంకోటి. రత్నగిరి దగ్గర కర్బుడే సొరంగం ఒక్కటే ఆరున్నర కిలోమీటర్లు. అక్కడ సిగ్నల్ పోతే యాప్ ‘వాహనం అందుబాటులో లేదు’ అంటుంది. బెర్తు మీద ఉన్న యజమాని లేచి కూర్చుని యాప్ తెరుస్తాడు. తెరిచిన ప్రతిసారీ తమరు మేలుకుని, సమాధానం చెప్పి, మళ్లీ పడుకోవడానికి పావుగంటో అరగంటో తీసుకుంటారు. నిద్రపోయావా అని లేపి అడిగినట్టు. గంటకోసారి చూసేవాడి కారు ఇక రాత్రంతా జాగారమే. ఎక్కేముందే కదలిక హెచ్చరికలు, హద్దుల హెచ్చరికలు ఆపి, ఫోన్లో యాప్ లాగౌట్ చేసి పెట్టడం మంచిది. ఇది కారుకు చేసే పని కాదు, మనిషికి చేసే పని. అందుకే ఎవరూ చేయరు.

ఇంతకీ జాగారం చేస్తే ఏం పోతుంది, పెద్ద బ్యాటరీ ఉంది కదా అంటారు. అక్కడే తమరి గుట్టు. నేల కింద వందల కిలోల బ్యాటరీ పెట్టుకుని, తలుపు తీయడానికి, తెర వెలగడానికి, పార్కింగ్ వదలడానికి మాత్రం బానెట్ కింద ఓ మూల ఉన్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ కాళ్లు పట్టుకుంటారు. కారు పడుకున్నప్పుడు పెద్ద బ్యాటరీని కాంటాక్టర్లనే స్విచ్చులు విడదీసేస్తాయి. వాటిని మళ్లీ కలపాలన్నా ఆ చిన్నదానిలో ఊపిరుండాలి. అది చచ్చిపోతే పెద్దదాంట్లో 80 శాతం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గాదె నిండా మొలగొలుకులుండి గాదె తాళం పెన్నలో పారేసుకున్నట్టు.

దాని లెక్క చూడండి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుందాం. బండి గాఢనిద్రలో ఉంటే 30 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 12 గంటలకు అర ఆంపియర్ అవర్ కూడా కాదు. అదే డిక్కీ సరిగ్గా పడక కంప్యూటర్లు మేలుకుని 5 ఆంపియర్లు లాగుతుంటే 12 గంటలకు 60. ఉన్నది 45. పెద్ద బ్యాటరీ నుంచి మధ్యమధ్యలో చిన్నదాన్ని నింపుకునే బండ్లున్నాయి, ఆ తెలివి లేనివీ ఉన్నాయి. కాబట్టి ముందురోజే మీటరు పెట్టి చూడాలి. బండి పడుకున్న రెండు గంటల తర్వాత 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిక్షేపం, 12.2 ఉంటే సగమే ఉన్నట్టు, 12కు దిగితే రైలు మాట మానేసి బ్యాటరీ మార్పించాలి. ఈ అంకెలు లెడ్ యాసిడ్ వాటికి. లిథియం చిన్న బ్యాటరీ అయితే ఇంకా పైన చూపిస్తుంది. చచ్చిన చిన్న బ్యాటరీకి ఊపిరిపోసే, చేతిలో పట్టే జంప్ ప్యాక్ ఒకటి మనతోపాటు బెర్తు దగ్గర ఉండాలి. కారు డిక్కీలో పెడితే, డిక్కీ తెరవడానికే అది కావాల్సొస్తుంది.

తమర్ని ఎక్కించేది ఎవరు? ఆటో ట్రైన్లో యజమాని కాదు, వాళ్ల సిబ్బందే నడిపి లోపలికి పెడతారు. తమరికేమో యజమాని ఫోనే తాళంచెవి. ఫోను యజమాని జేబులో వెయిటింగ్ హాల్లో కూర్చుని ఉంటుంది. కార్డు తాళమో రిమోటో ఇచ్చి, ఎక్కడ తాకించాలో చూపించాలి. నడపడానికి పిన్ నంబరు పెట్టి ఉంటే తీసేయాలి. ఆ తర్వాత యాక్సిలరేటర్. కాలు తీస్తే బ్రేకు వేసినట్టు ఆగడం తమరి గొప్ప, కొత్తవాడికి మాత్రం గుండెదడ. ర్యాంపు మీద కాలు తీయగానే తమరు ముందుకు వంగి దండం పెడతారు. భయపడి మళ్లీ నొక్కితే ఎద్దు తాడు తెంపుకున్నట్టు దూకుతారు. ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌కు ఇనప పలకల మీద దాటేటప్పుడు ఈ రెండూ కూడవు. కాలు తీయగానే బండిని ఆపి ఆ ఊపును కరెంటుగా మార్చే ‘రీజెన్’ను అన్నిటికంటే తక్కువకు దించి, ఎకో మోడ్ పెట్టి, బ్రేకు వదిలితే మెల్లగా పాకే ‘క్రీప్’ ఆన్ చేసి ఇస్తే పెట్రోలు కారు నడిపినవాడెవడైనా ఎక్కిస్తాడు.

ఎక్కినాక పార్కింగ్‌లో పెడితే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు దానంతట అదే పడుతుంది. చక్రాలకు ముందూ వెనకా చెక్క ఆపులు పెడతారు. పట్టీలతో కట్టేచోట టైరు మీదుగా కట్టాలి, కింద దొరికిన కమ్మీకల్లా కొక్కెం తగిలించకూడదు. తమరి పొట్ట మొత్తం బ్యాటరీ. నారింజ రంగు తొడుగున్న తీగలు కనపడితే అటుపక్క చెయ్యే పోకూడదు, అవి హైవోల్టేజీవి. పెట్రోలు అన్నయ్య కంటే తమరు రెండు మూడు వందల కిలోలు ఎక్కువ కాబట్టి, టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గరున్న చీటీలో ఉన్నంత ఉండాలి. రాత్రి చలికి ఐదారు డిగ్రీలకు దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది, పట్టీ కూడా కాస్త వదులవ్వచ్చు.

పొద్దున చిన్న బ్యాటరీ చచ్చి తమరు లేవకపోతే? చక్రాలు బిగుసుకుని ఉంటాయి, తోస్తే కదలరు. జంప్ ప్యాక్ పెట్టి మేల్కొలిపి, న్యూట్రల్‌లోనో ‘ట్రాన్స్‌పోర్ట్ మోడ్’లోనో పెట్టి, మెల్లగా నాలుగడుగులు లాగొచ్చు. దూరం లాగితే చక్రాలతో మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది, అది చిన్న ఖర్చుతో పోయే జబ్బు కాదు. లాగే కొక్కెం డిక్కీ చాప కింద ఉంటుంది. దాన్ని ముందే తీసి సీటు మీద పెట్టాలి. కొన్ని బండ్లలో దానికి ఎడమ మరలు. ఎవరో ఒకరు కుడికే తిప్పి తిప్పి ‘ఇది ఈ బండిది కాదబ్బయ్యా’ అని తేల్చేస్తారు.

మిగతావి చిన్నవి. అద్దాలు మడవాలి, పైన సామాను పెట్టె ఉంటే విప్పాలి, ఛార్జింగు మూత నొక్కి చూడాలి. కొంకణ్ బండిలో కార్లు పోయేది పైకప్పు లేని వ్యాగన్ల మీద, వానాకాలంలో కిటికీ వేలెడు తెరిచినా సీటు చెరువే. ఛార్జి 50 నుంచి 60 శాతం చాలు. నిండా నింపి ఎండలో నిలబెట్టడం బ్యాటరీకి మంచిది కాదు, దిగిన చోట మొదటి ఛార్జర్‌కు చేరేంత మాత్రం ఉండాలి. ఇంటి దగ్గర 15 ఆంపియర్ల ప్లగ్గులో గంటకు 3 యూనిట్లు ఎక్కుతుంది. ఎర్త్ లేని ప్లగ్గయితే ఛార్జరు ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది. బయల్దేరే రోజు మధ్యాహ్నం కనిపెట్టాల్సిన విషయం కాదది.

ఒక్క మాటకు నొచ్చుకోకండి. కొంకణ్ దారంతా తమరి నెత్తిన 25,000 వోల్టుల తీగ పోతుంటుంది. ఆ తీగకు రెండు మీటర్ల లోపలికి మనిషి పోకూడదు, కాబట్టి గొడుగో కర్రో పట్టుకుని తమరి పైకెక్కి పట్టా కప్పేవాళ్లెవరూ ఉండరు. తమర్ని లాగే ఇంజను రాత్రంతా అందులోంచే తాగుతూ పోతుంది. కరెంటు బండి, కరెంటు రైలు, పైన కరెంటు తీగ. తమరికి మాత్రం తెల్లారేదాకా ఉపవాసం.

ఇట్లు,
తమరి తాళాలు మోసేవాళ్లు,
నెల్లూరు.

తా.క.: దిగినాక తమరు ‘అలారం ఆపి ఉంది, కాపలా ఆపి ఉంది’ అని వరసగా గుర్తుచేస్తారు. టైర్లకు పట్టీలు విప్పారో లేదో మాత్రం ఒక్క సెన్సారూ చెప్పదు. కిందికి వంగి నాలుగు చక్రాలూ కళ్లతో చూసుకున్నాకే బ్రేకు వదలాలి.