ఒకే పాట, పదకొండు డబ్బాలు

మా ఇంట్లో ఒకే పాట పదకొండు డబ్బాల్లో ఉంది. జర్మన్ స్వరకర్త బాఖ్ 1741లో అచ్చు వేయించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్. ముందొక ఏరియా, అంటే పాటలాంటి చిన్న భాగం, దానిమీద ముప్ఫై రూపాంతరాలు, చివర మళ్ళీ అదే ఏరియా. చెన్నైలో చూళైమేడు నుంచి పశ్చిమ మాంబళానికి ఇల్లు మారేటప్పుడు మా ఆవిడ ఆ సీడీలను అట్టపెట్టెలో సర్దుతూ, "ఏమండీ, ఇవన్నీ ఒకటేనా?" అంది. పాట ఒకటే గాని అవి ఒకటి కావని చెప్పాను. "నా బీరువాలో నలభై చీరలుంటేనే ఊరంతా చెప్పుకున్నారు. వాటిలో ఏ రెండూ ఒకటి కావు" అని పెట్టె మూసి, పైన 'పాత సామాను' అని రాసింది.

ఆ రెండు మాటలకు జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రశ్న మా ఇంటిదే అయినా సమస్య నాగరికతకు సంబంధించినది.

సంగీతం వినడం వేరు, రికార్డింగులు వినడం వేరు. మొదటిది ఎవరైనా చేస్తారు. ఆటోలో, మంగలి దుకాణంలో, పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డించేలోపు కూడా చేయవచ్చు. రెండవదానికి సాధన కావాలి, సొరుగులు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఒక తోడల్లుడు కావాలి. నాకు ఆ లోటు లేదు. ఆయన అన్నానగర్‌లో ఉంటారు, బ్యాంకులో పెద్ద హోదాలో పదవీ విరమణ చేశారు. ఆయన దగ్గర ఇదే పాట పద్నాలుగు డబ్బాల్లో ఉంది.

మా ఇద్దరి మధ్య తగాదా అంతా దాదాపు 13 నిమిషాలది. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ ఈ పాటను 1955లో న్యూయార్కులో రికార్డు చేశాడు, 38 నిమిషాల చిల్లరలో ముగించాడు. 1981లో అదే స్టూడియోకి తిరిగి వచ్చి మళ్ళీ చేశాడు. ఈసారి 51 నిమిషాలు పట్టింది. మరుసటి ఏడాది, 50 నిండిన కొద్ది రోజులకే పోయాడు. మరి ఆ పైనిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి? నిదానంగా వాయించాడు, కొన్ని భాగాలను రెండోసారి తిప్పాడు, అంతే కదా అంటాడు మామూలు మనిషి. నిజం కూడా అదే. కాని నిజంతో మా ఆదివారాలు గడవవు. తోడల్లుడు 1955 పక్షం, నేను 1981 పక్షం. నెల్లూరులో మామగారి పొలం పంపకం అరగంటలో తేలిపోయింది. ఇది పన్నెండేళ్ళుగా నలుగుతోంది.

ఈ పాట పుట్టుక గురించి ఫోర్కెల్ అనే జీవితచరిత్రకారుడు 1802లో ఒక కథ రాశాడు. కైజర్‌లింగ్ అనే ప్రభువుకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదట. ఆయన కొలువులో ఉన్న గోల్డ్‌బెర్గ్ అనే కుర్రవాడు పక్క గదిలో కూర్చుని వాయించడానికి వీలుగా బాఖ్ దీన్ని కట్టి ఇచ్చాడట. పండితులు ఈ కథను నమ్మరు. నేను నమ్ముతాను. నిద్రపట్టని ఒక్క మనిషి కోసం చేసిన పాటతో ఇప్పుడు రెండు కుటుంబాలకు నిద్ర లేకుండా పోయింది కాబట్టి లెక్క ఎక్కడో సరిపోయినట్టే.

గూల్డ్ గారి ప్రత్యేకత ఏమిటంటే వాయిస్తూ పాడతాడు. పాడతాడు అనడం మర్యాద కోసం. కాళ్ళు కోసి పొట్టి చేసి తండ్రి ఇచ్చిన మడతకుర్చీలో, నేలకు 14 అంగుళాల ఎత్తున కూర్చుని, ముక్కు మీటల మీద ఆనించినట్టు వంగి, లోలోపల ఏదో కూనిరాగం తీస్తూ ఉంటాడు. ఇంజనీర్లు ఎంత ప్రయత్నించినా అది రికార్డుల్లోంచి పూర్తిగా పోలేదు. నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్య మొదటిసారి విని, "అల్లుడుగారూ, వెనక ఎవరో మూలుగుతున్నారు. ఒంట్లో బాగున్నట్టు లేదు, చూడండి" అన్నారు. అది మూలుగు కాదని, రసజ్ఞులు దానికోసమే ఎక్కువ డబ్బు పెడతారని వివరించాను. ఆవిడ తృప్తి పడలేదు. మార్గశిరంలో మైలాపూరు సభలన్నీ తిరిగే మనిషి. చివరికి ఒక మాట అన్నారు: "మా విద్వాంసులు ఒకే కీర్తన రెండుసార్లు పాడితే రెండు రకాలుగా పాడతారు. మీవాడు ఒక్కసారి వాయించి చక్కా పోయాడు, మీరేమో దాన్ని ఇరవై రకాలుగా వింటున్నారు."

నిజానికి ఆయన ఒక్కసారీ వాయించలేదు. 1964లో కచేరీలకు స్వస్తి చెప్పి, ఇక స్టూడియోయే నా సభ అన్న మనిషి. బాఖ్ ఎ మైనర్ ఫ్యూగ్ (ఒకే స్వరమాలను గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన) ఒకదానికి ఆరో సారి వాయించినది కొంత, ఎనిమిదో సారి వాయించినది కొంత కలిపి అతికించామని ఆయనే వ్యాసం రాసుకున్నాడు. ఆ అతుకు తనకు వినిపిస్తుందని మా తోడల్లుడి వాదన. అతుకు రాగానే ఎడమ కనుబొమ ఎత్తుతారు. నేను మూడు ఆదివారాలు గడియారం దగ్గర పెట్టుకుని, ఆ కనుబొమ ఎప్పుడెప్పుడు లేస్తుందో కాగితం మీద రాసుకున్నాను. మూడుసార్లూ మూడు వేర్వేరు చోట్ల లేచింది. ఆ కాగితం భద్రంగా ఉంది, సమయం వచ్చినప్పుడు బయటపెడతాను.

అతుకులు పుట్టకముందు రోజులు వేరు. ఆర్టుర్ ష్నాబెల్ అనే పియానిస్టు 1932 నుంచి 1935 వరకు లండన్ ఆబీ రోడ్డు స్టూడియోలో బేట్‌హోవెన్ 32 పియానో సొనాటాలూ రికార్డు చేశాడు. గ్రామఫోన్ ప్లేటు ఒక వైపున నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. వేగంగా వెళ్ళే చోట ఆయన వేళ్ళు అప్పుడప్పుడు పక్కింటి మీట మీద పడేవి. తుడిచేసే వీలు లేదు. ఆ ప్లేట్లను ముందుగా చందా కట్టించుకుని అమ్మారు, అచ్చంగా మన చీటీల పద్ధతి. తేడా ఏమిటంటే చీటీ పాట కట్టినవాళ్ళే పాడాలి, ఇక్కడ ష్నాబెల్ వాయించాడు. ఆ తప్పు స్వరాల గురించి రసజ్ఞులలో భిన్నాభిప్రాయం లేదు. మన ఇంటి పిల్ల తప్పు మీట నొక్కితే అది తప్పు. ష్నాబెల్ నొక్కితే జీవం.

ఇక ఛాంబర్ మ్యూజిక్. గది సంగీతం అందాం. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నట్టు వాయించుకోవడం. గది అన్నప్పుడు హైడన్ కాలపు ప్రభువుల గది అనుకోవాలి. నా గది పదడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు, అందులో మూడో వంతు పైన చెప్పిన బీరువాది. కవర్ల మీద బూజు రాకుండా ఆకుల పొట్లాల్లా సిలికా జెల్ పొట్లాలు పెట్టుకున్నాను. అయినా సముద్రపు గాలి దాని పని అది చేసుకుపోతుంది.

బేట్‌హోవెన్ 1826లో పూర్తి చేసిన ఓపస్ 131 క్వార్టెట్టును, అంటే ఆ నాలుగు వాద్యాలకు రాసిన కృతిని, చెన్నైలో మే నెలలో వినడం ఎలాగో రాసి పెట్టడం నా బాధ్యత. ఏడు భాగాలు, మధ్యలో ఆపకుండా వాయించాలి, మొత్తం దాదాపు 40 నిమిషాలు. ఏసీ మోత సెల్లోను మింగేస్తుంది కనుక ఆపాలి. ఫ్యాను కీచుమంటుంది కనుక అదీ ఆపాలి. కిటికీ తీస్తే వీధిలో నీళ్ళ లారీ, బిందెల పంచాయితీ. మూయాలి. మొదటి భాగం నిదానంగా సాగే ఫ్యూగ్, అక్కడ నుదురు మాత్రమే తడుస్తుంది. నాలుగో భాగానికి బనియను వీపుకు అంటుకుపోతుంది. ఆ భాగం ఎంతకీ తెమలదు. తువ్వాలు అందుకుందామంటే బేట్‌హోవెన్ ఎక్కడా సందు ఇవ్వలేదు. అయిదో భాగంలో నలుగురూ తీగల్ని వేళ్ళతో మీటుతూ స్వరాలను ఒకరికొకరు అందించుకుంటారు. సరిగ్గా అక్కడ మా వంటింట్లో కుక్కరు మూడో కూత వేస్తుంది. రోజూ ఏడింటికే మొదలుపెడతాను కాబట్టి నా దగ్గరున్న ఆరు రికార్డింగుల్లోనూ ఆ కూత ఆ చుట్టుపక్కలే ఉంటుంది. వేగంగా వాయించే బృందమైతే అప్పటికి ఆరో భాగంలోకి వెళ్ళిపోయి ఉంటుంది, తాపీగా వాయించేదైతే ఇంకా నాలుగులోనే ఉంటుంది. కూతను బట్టి ఏ బృందం నడక ఎంతో చెప్పేయగలను. ఈ పద్ధతికి విద్వత్సభల గుర్తింపు ఇంకా రాలేదు.

పరిపూర్ణమైన శ్రవణ మందిరం ఒక్కటే ఉంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు పూత రికార్డులో గూల్డ్ వాయించిన బాఖ్ ప్రెల్యూడు, ఫ్యూగ్ ఉన్నాయి, బుడాపెస్ట్ క్వార్టెట్ వాయించిన బేట్‌హోవెన్ కావటీనా అనే క్వార్టెట్ భాగం ఉంది, మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాటా ఉంది. అక్కడ ఫ్యాను లేదు, కుక్కరు లేదు, తోడల్లుడు లేడు. గాలి కూడా లేదు కనుక ఏమీ వినిపించదు. రసజ్ఞుడికి అంతకంటే కావలసింది ఏముంటుంది?

ఇక్కడ జాయిస్ హాటో ప్రస్తావన తప్పదు. ఆవిడ ఇంగ్లండు పియానిస్టు. అనారోగ్యంతో కచేరీలు మానుకున్న ఎన్నో ఏళ్ళకు, ముసలితనంలో, భర్త నడిపే చిన్న సంస్థ నుంచి ఆవిడ పేరుతో వందకు పైగా సీడీలు వచ్చాయి. ఫ్రాంజ్ లిస్ట్, షోపెన్, బ్రామ్స్, ఏ స్వరకర్తదైనా సరే. విమర్శకులు ముక్కున వేలేసుకుని మెచ్చుకున్నారు. 2006లో ఆవిడ పోయారు. 2007 ఫిబ్రవరిలో గ్రామఫోన్ పత్రిక అసలు సంగతి బయటపెట్టింది. ఒక శ్రోత ఆవిడ ఫ్రాంజ్ లిస్ట్ సీడీని కంప్యూటర్లో పెడితే, తెరమీద లాస్లో సిమోన్ అని మరో పియానిస్టు పేరు వచ్చింది. తవ్వేకొద్దీ ఇతరుల రికార్డింగులే బయటపడ్డాయి, కొన్నిటికి వేగం కాస్త సాగదీసి, కాస్త కుదించి. భర్త తరవాత ఒప్పుకున్నాడు. అసలు రికార్డు అసలు పేరుతో అంగట్లో ఉన్నప్పుడు ఎవరికీ పట్టలేదు. కవరు మీద కష్టాలు పడ్డ ముసలామె పేరు పడగానే అందులో లోతు వినిపించింది. కనుబొమలు ఎన్ని లేచి ఉంటాయో ఊహించుకోవచ్చు. మా తోడల్లుడికి ఈ సంగతి చెబితే, "నాకు ముందే అనుమానం ఉంది, అందుకే కొనలేదు" అన్నారు. ఆయన సొరుగులో మూడున్నాయి.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. మా కింది ఇంట్లో విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్ళ అమ్మాయికి పదేళ్ళు. పియానో గ్రేడు పరీక్షకు తయారవుతోంది. 1842లో మొదలైన, మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్‌లో స్వరాల పుస్తకం కొని తెచ్చుకుంది. రోజూ ఏడింటికి, అంటే నా వేళకే, కీబోర్డు మీద జి మేజర్ మిన్యుయెట్ అనే చిన్న నాట్య సంగీతం మొదలుపెడుతుంది. ఇది 1725లో బాఖ్ రెండో భార్య అన్నా మగ్దలేనా నోటుబుక్కులో ఉన్నది. ఎన్నో ఏళ్ళపాటు బాఖ్‌దేనని లోకమంతా వాయించి, చివరికి క్రిస్టియన్ పెట్‌జోల్డ్ అనే మరొకరిదని తేల్చారు. పాటలో ఒక్క స్వరం మారలేదు గాని పరువు కాస్త తగ్గింది. ఆ అమ్మాయి ఎనిమిదో గీత దాకా చక్కగా వస్తుంది, అక్కడ వేలు జారుతుంది, "అయ్యో" అంటుంది, మళ్ళీ మొదటికి వెళుతుంది. స్వరమూ, ఆ "అయ్యో" కూడా మా నేలలోంచి స్పష్టంగా పైకి వస్తాయి.

నలభై ఏళ్ళుగా కీబోర్డు సంగీతాన్ని ఆరాధిస్తున్నవాడిని, ఇంట్లో కీబోర్డు సంగీతం వినపడుతుంటే ఎలా భరించను? రెండు పేజీల ఫిర్యాదు రాశాను. ష్నాబెల్ గురించి ఒక పేరా కూడా చేర్చాను. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శికి ఇవ్వడానికి జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకుంటుండగా ఆయనే తలుపు కొట్టారు. తమిళాయన, తెలుగు ముక్కలు కూడబలుక్కుని మాట్లాడతారు. చేతిలో ఫిర్యాదుల పుస్తకం.

"సార్, కోపం వద్దు. కింది ఇంటివాళ్ళు రాశారు" అని పుస్తకం తెరిచి చూపించారు. అమ్మాయి తల్లి రాసినట్టుంది, గుండ్రటి అక్షరాలు: "పై ఇంటి పెద్దాయన రాత్రి పదిన్నర దాటాక పియానో వాయిస్తున్నారు. చాలా బాగా వాయిస్తారు, మా పాప పడుకుని వింటూ ఉంటుంది. కాని వాయిస్తూ పాడుతున్నారు. దయచేసి పాట ఒక్కటి ఆపమని చెప్పగలరు."

'చాలా బాగా వాయిస్తారు' అన్న చోటును మూడుసార్లు చదివాను. "మీరు పియానో వాయిస్తారని ఇన్నాళ్ళూ తెలియనే లేదు సార్" అన్నారు కార్యదర్శి, కొత్త గౌరవంతో. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయింది. ఆవిడ వైపు చూడకుండా కలం అడిగి తీసుకుని, ఇకమీదట వాయించేటప్పుడు పాడనని రాసి సంతకం పెట్టాను.