కస్టమర్‌ని కాస్త తీసేయండి

సాఫ్ట్‌వేర్ డిజైన్ రివ్యూలో యూజ్ కేస్ డయాగ్రమ్ (సిస్టమ్‌తో ఎవరు ఏ పని చేస్తారో చూపే బొమ్మ; ఒక్కో పనీ ఒక యూజ్ కేస్) ఎలాగో గట్టెక్కింది. తప్పక కలిసే పనిని చూపే ఇంక్లూడ్ బాణం అసలు యూజ్ కేస్ నుంచి బయల్దేరాలి, అవసరమైతేనే తోడయ్యే పనిని చూపే ఎక్స్‌టెండ్ బాణం వచ్చి అసలుదాని మీద వాలాలి. ఇది తిరగబడకపోతే రివ్యూలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని బొమ్మల్లో చెప్పే భాష యూఎంఎల్‌లో 14 రకాల డయాగ్రమ్‌లున్నా అందరికీ నోరు లేచేది క్లాస్ డయాగ్రమ్ (సిస్టమ్‌లోని కస్టమర్, ఆర్డర్ లాంటి రకాలనీ వాటి సంబంధాలనీ చూపేది) దగ్గరే.

"ఆ మూల కస్టమర్ బాక్స్ ఎందుకండీ? గజిబిజిగా ఉంది, తీసేయండి," అన్నారు రివ్యూ పెద్దాయన.

తీసేయడం అనేది బొమ్మలు గీసే టూల్‌లో తేలిక. బాక్స్ చెరిపితే బాక్స్ పోతుంది. మోడలింగ్ టూల్‌లో కస్టమర్ క్లాస్ కాపురం పక్కనున్న మోడల్ ట్రీలో, అంటే మోడల్‌లోని అన్నిటి జాబితాలో. కాన్వాస్ మీద ఇచ్చేది దర్శనం మాత్రమే. అదే క్లాస్ పది డయాగ్రమ్‌లలో దర్శనమివ్వొచ్చు, ఎందులోనూ కనపడకుండా ట్రీలో తపస్సూ చేసుకోవచ్చు. అందుకే తీసేయడాలు రెండున్నాయి. కొన్ని టూల్స్‌లో ఉత్త డిలీట్ కొడితే ఆ డయాగ్రమ్‌లోంచి బాక్స్ మాత్రమే పోతుంది. కంట్రోల్ కూడా నొక్కి డిలీట్ కొడితే మోడల్‌లోంచే పోతుంది. స్క్రీన్ షేర్ అవుతోంది, వెనక నుంచి "తీసేయండి, తీసేయండి" అంటున్నారు, ఎడమ చెయ్యి అలవాటుగా కంట్రోల్ మీదే ఉంది.

టూల్ ఊరికే తీసేయదు, మర్యాదగా అడుగుతుంది: "ఖచ్చితంగా తీసేయమంటారా?" ఆహా, ఏం ప్రశ్న! తీసేయాలనేది అందరికీ ఖచ్చితమే, ఎక్కడినుంచి అన్నదే తేలాలి. ఈ క్లాస్ ఎన్ని డయాగ్రమ్‌లలో ఉంది, దీనికి ఎన్ని అసోసియేషన్లు (వేరే క్లాస్‌లతో సంబంధాల గీతలు) తగులుకున్నాయి, దీని కింద ఏమేం ఉన్నాయి, ఇవన్నీ ఆ టూల్‌కి తెలుసు. అయినా చెప్పదు. ఎదుటివాడి ఆత్మవిశ్వాసం ఎంతో కనుక్కుని, ఎస్ బటన్‌ని ముందే సిద్ధం చేసి, ఎంటర్ కోసం ఎదురుచూస్తుంది.

ఎంటర్ పడింది. క్లాస్‌తోపాటు దాని ఆట్రిబ్యూట్లు (అది దాచుకునే వివరాలు), ఆపరేషన్లు (అది చేసే పనులు) పోయాయి. దానికి అతుక్కున్న అసోసియేషన్లు పోయాయి. ట్రీలో ఆ క్లాస్ కింద పెట్టిన స్టేట్ మెషీన్ (దాని స్థితులు ఎలా మారతాయో చూపేది), యజమాని పోయాక ఇక్కడేం పని అన్నట్టు, తానూ వెళ్ళిపోయింది. ఎవరు ఎవరికి ఏ వరుసలో మెసేజ్ పంపుతారో చూపే సీక్వెన్స్ డయాగ్రమ్‌లో కస్టమర్ లైఫ్‌లైన్ (నిలువు గీత) నిలబడే ఉంది గానీ అది ఏ క్లాస్‌దో చెప్పే టైప్ లేదు, దాని మీదికి వచ్చే మెసేజ్‌ల వెనక ఆపరేషన్లు లేవు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

కంట్రోల్ జెడ్ అంటారా? మోడల్ ఫైల్ మన మెషీన్‌లోనే ఉంటే చాలాసార్లు దక్కుతుంది. అందరూ వాడే రిపాజిటరీలో ఉంటే కొన్ని టూల్స్‌లో తీసేసిన సంగతి అప్పటికే డేటాబేస్‌కి చేరిపోయి ఉంటుంది. ఇక బ్యాకప్పో, బేస్‌లైనో (ముందే దాచిపెట్టిన మోడల్ నకలు) దిక్కు.

కంగారులో పాలెట్ (కొత్త బాక్సులు లాగే పెట్టె) నుంచి కొత్త క్లాస్ లాగి కస్టమర్ అని పేరు పెట్టడం రెండో ఘనకార్యం. చూడ్డానికి అచ్చం అదే. కానీ టూల్ గుర్తుపట్టేది పేరుని కాదు, లోపలి ఐడీని. పాత బంధువులెవరూ తిరిగిరారు. అసోసియేషన్లు మళ్ళీ గీయాలి, లైఫ్‌లైన్‌కి టైప్ మళ్ళీ ఇవ్వాలి, ఒక్కో మెసేజ్‌కీ ఆపరేషన్ తగిలించాలి. డయాగ్రమ్‌లోంచి మాత్రమే పోయి ఉంటే ట్రీలోంచి లాగి కాన్వాస్ మీద పడేస్తే సరిపోయేది. అప్పుడు కూడా పాలెట్ జోలికి పోతే ట్రీలో ఇద్దరు కస్టమర్లు తయారవుతారు, కోడ్ జనరేట్ చేసిన రోజున ఇద్దరూ బయటపడతారు.

ఇదంతా తెర మీద నడుస్తుండగా పెద్దాయన అసలు సంగతికొచ్చారు: "ఆర్డర్ పక్కన గీత చివర డైమండ్ ఖాళీగా ఉందేం? నలుపు చేయండి." నల్ల డైమండ్ అంటే మొత్తం పోతే దానిలో భాగాలూ పోతాయని అర్థం. ఖాళీ డైమండ్‌కి కచ్చితమైన అర్థాన్ని యూఎంఎల్ స్పెసిఫికేషనే రంగాన్ని బట్టి, గీసేవాణ్ణి బట్టి అని వదిలేసింది. మిగిలిన మీటింగంతా ఆ డైమండ్ రంగు మీదే నడిచింది. టైప్ ఊడిన లైఫ్‌లైన్ గురించి ఒక్కరూ అడగలేదు.