హెప్‌జీ2 కణాల వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హెప్‌జీ2 కాలేయ కణాల వారికి,

ఇచ్చట మేము క్షేమం. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో తమరూ క్షేమమని తలుస్తాను. వ్రాయునది ఏమనగా, హెపటైటిస్ బి విషయంలో తమరు మమ్మల్ని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

ల్యాబుల్లో పరిశోధనకు మేం పెంచుకునే తమరు అర్జెంటీనాకు చెందిన 15 ఏళ్ల కుర్రాడి కాలేయ కణితి నుంచి వచ్చారు. 1979లో లోకానికి పరిచయమయ్యారు. ఆ కణితి పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమా అని తేల్చి చెప్పడానికి 2009 దాకా పట్టింది. అప్పటిదాకా వేరే క్యాన్సర్ పేరుతోనే చలామణీ అయ్యారు. సరే, అది వదిలేద్దాం.

అసలు గొడవ వైరస్‌ది. దాని డీఎన్ఏ అంతా కలిపి దాదాపు 3,200 అక్షరాలు. మనిషి కాలేయంలోకి చడీచప్పుడు లేకుండా దూరిపోతుంది. తమరి మీద ఎంత గుమ్మరించినా లోపలికి పోదు. పోనీ వైరస్ అంటే తమరికి పడదా అంటే, అదీ కాదు. 1987లో దాని డీఎన్ఏను తమరి లోపల పెడితే, బుద్ధిగా వైరస్‌లు తయారుచేసి మీడియాలోకి, అంటే తమరు మునిగి ఉండే పోషక ద్రవంలోకి, వదిలారు. తీరా ఆ వైరస్‌నే మళ్లీ తెచ్చి తమరి మీద పోస్తే, ముఖమే ఎరగనట్టు కూర్చున్నారు!

ఈలోగా మావాళ్లు 'రిసెప్టర్ (వైరస్ పట్టుకుని లోపలికి పోయే కణం తలుపు) దొరికిందోచ్' అంటూ పరిశోధన పత్రం మీద పత్రం అచ్చేశారు. ఒక్కటీ నిలబడలేదు. అవతల టీకా వచ్చేసింది. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్ కూడా తయారుచేసి అమ్మింది. వైరస్ లోపలికి ఎలా పోతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

చివరికి 2012లో బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం టుపాయా అనే జంతువు కాలేయ కణాల్ని పట్టుకుంది. చూడ్డానికి ఉడతలా ఉంటుంది, ఉడత కాదు. (దాని చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది.) వైరస్ పైపొరలోని ప్రీఎస్1 ముక్క వెళ్లి దేన్ని పట్టుకుంటుందో వెతికితే ఎన్‌టీసీపీ బయటపడింది. రక్తంలోని పైత్యరస లవణాల్ని కాలేయంలోకి లాక్కునే ప్రొటీన్ అది. తమరిలో ఉందా? దాదాపు లేదు! ఇన్నేళ్లుగా మేం అడుగుతున్న ప్రశ్నకు జవాబు, సరిగ్గా తమరి దగ్గర లేని వస్తువే. ఆ మాట ఒక్కసారైనా చెప్పారా?

మేమే దాని జన్యువు తెచ్చి పెట్టాం. అప్పటికైనా ఊరుకున్నారా? పీఈజీ అనే రసాయనం 4 శాతం కలపాలి, డీఎంఎస్ఓ అనే మరో రసాయనం 2 శాతం ఉండాలి, ఒక్కో కణానికి వందల కొద్దీ వైరస్‌లు పోయాలి. అలకపాన్పు ఎక్కిన అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. బయట ఆ ప్రీఎస్1 ముక్క నమూనాతోనే బులెవిర్టైడ్ అనే మందు చేశారు. అది ఎన్‌టీసీపీని ఆక్రమించుకుని వైరస్‌ను అడ్డుకుంటుంది. బి పైపొరనే తొడుక్కుని అదే దారిన వచ్చే హెపటైటిస్ డి కోసం 2020లో యూరప్ దానికి అనుమతి కూడా ఇచ్చింది. తమరికి ఇంకా పీఈజీ చాలడం లేదు.

ఈ బుధవారం కొత్త ప్లేటు వేస్తున్నాను. దయచేసి ఒకరి మీద ఒకరు పడి కుప్పలు కట్టకండి. శనివారానికల్లా గులాబీ మీడియాను వాడేసి పసుపు చేసి కూర్చోకండి, మళ్లీ నేనే వచ్చి మార్చాలి. ఆదివారం నాకు పెళ్లి భోజనం ఉంది.

ఇట్లు,
తమరి మీడియా మార్చే సేవకురాలు