ఒక్క పరుగు కావలసినప్పుడు సగటు లెక్క చాలదు

బేస్‌బాల్ అభిమానుల మధ్య కొన్నేళ్లుగా ఒక వాదన ఒకరి ఫోను నుంచి మరొకరి ఫోనుకు పాకుతోంది. అమెరికాలో స్థిరపడి ఈ ఆటకు అలవాటుపడిన మనవాళ్లు కూడా దాన్ని తిరుగులేని సత్యంలా పంచుకుంటున్నారు. దాని సారాంశం ఇది: బంట్ చేయడం, బేస్ దొంగిలించడం, తాను అవుటైనా సరే రన్నర్‌ను ముందుకు పంపడం వంటివన్నీ పాతకాలపు నమ్మకాలు, గణాంకాలు వచ్చాక వాటి పస తేలిపోయింది, మ్యాచ్ గెలిపించేది హోమ్ రన్ ఒక్కటే, మిగిలినదంతా వ్యాఖ్యాతలు చెప్పుకునే తీపి కబుర్లు.

ఇందులో సగం నిజం ఉంది. ఇంతగా పాకడానికి కారణమూ అదే. మిగిలిన సగం తప్పు. ఆ తప్పు వల్ల ఈ ఆటలో నేను ఎక్కువగా అభిమానించే ఆటగాళ్లకు అన్యాయం జరుగుతోంది కాబట్టి ఒక్కొక్క అంశానికీ జవాబు చెప్పాలనిపించింది.

ఆట అంతగా తెలియనివారికి రెండు మాటలు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో మూడు అవుట్లు. బంతి వేసేవాడు పిచర్, బ్యాటర్ వెనక నిలిచి దాన్ని అందుకునేవాడు క్యాచర్. మూడు బేస్‌లు దాటి హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు. కొట్టిన బంతి గాలిలోనే మైదానం హద్దు దాటితే హోమ్ రన్. బేస్ దొంగిలించడం, అంటే స్టీల్, హిట్ కోసం చూడకుండా పిచర్ బంతి వేసేటప్పుడే రన్నర్ తర్వాతి బేస్‌కు పరుగెత్తడం. బంట్ అంటే బ్యాట్ ఊపకుండా బంతికి అడ్డం పెట్టి, దాన్ని దగ్గరలోనే మెల్లగా దొర్లించడం. ఫీల్డర్ ముందుకు పరుగెత్తుకొచ్చి, బంతి అందుకుని మొదటి బేస్‌కు విసిరేలోగా అప్పటికే బేస్ మీద ఉన్న రన్నర్ ఒక మెట్టు ముందుకు జరుగుతాడు. బ్యాటర్ మాత్రం దాదాపు ఖాయంగా అవుటవుతాడు. తెలిసే అవుటవుతాడు.

ఆ వాదనలో అన్నిటికన్నా బలమైన మాట ఇదే: ‘చేతులారా ఒక అవుట్ ఇచ్చేస్తే పరుగులు తగ్గుతాయని లెక్కలే చెబుతున్నాయి.’ లెక్కలు చూద్దాం. 2010 తర్వాతి తొలి సంవత్సరాల మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ) మ్యాచ్‌లను తీసుకుంటే, ఎవరూ అవుట్ కాకుండా మొదటి బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు ఆ ఇన్నింగ్స్ ముగిసేలోగా జట్టుకు సగటున సుమారు 0.86 పరుగులు వస్తాయి. బంట్ చేసి అతన్ని రెండో బేస్‌కు పంపి ఒక అవుట్ ఇస్తే ఆ సగటు 0.66కు పడిపోతుంది. మ్యాచ్ మొదట్లో, మంచి బ్యాటర్ చేత ఇలా బంట్ చేయించడం పొరపాటే. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. వెనకటి తరం మేనేజర్లు ఆ పొరపాటు లెక్కలేనన్ని సార్లు చేశారు.

అయితే సగటులో ఒక పరుగు వచ్చిన ఇన్నింగ్సూ, అయిదు పరుగులు వచ్చిన ఇన్నింగ్సూ కలిసిపోయి ఉంటాయి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమంగా ఉన్నప్పుడు, చివర బ్యాటింగ్ చేసే జట్టుకు అయిదు పరుగులతో ఏం పని? ఒక్క పరుగు వస్తే మ్యాచ్ అక్కడే ముగుస్తుంది. అప్పుడు చూడవలసింది కనీసం ఒక పరుగు వచ్చే అవకాశం ఎంత అన్నదే. మొదటి బేస్ మీద రన్నర్‌తో, అవుట్లు లేకుండా ఆ అవకాశం సుమారు 42 శాతం. బంట్ తర్వాత రెండో బేస్ మీద రన్నర్, ఒక అవుట్ ఉంటే 40 శాతం. పెద్ద నష్టమని భయపెట్టినది ఇక్కడ రెండు శాతానికి దిగింది. తర్వాత వచ్చేవాడు సమర్థుడై, బంట్ చేసేవాడు జట్టులో బలహీనమైన బ్యాటరైతే ఆ రెండు శాతం కూడా మిగలకపోవచ్చు.

రన్నర్ రెండో బేస్ మీద ఉంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అవుట్లు లేనప్పుడు ఒక పరుగైనా వచ్చే అవకాశం సుమారు 61 శాతం. అతను మూడో బేస్ చేరి ఒక అవుట్ పడితే 66 శాతం. ఇక్కడ అవుట్ ఇచ్చినందుకు జట్టుకు లాభమే వచ్చింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. మూడో బేస్ మీద రన్నర్ ఉంటే హిట్ (బ్యాటర్‌ను క్షేమంగా బేస్ చేర్చే దెబ్బ) అవసరం లేదు. లోతుగా గాలిలోకి లేచిన బంతిని ఫీల్డర్ పట్టుకున్నా, ఆ తర్వాత బయలుదేరి రన్నర్ పరుగు తీయగలడు. మెల్లగా దొర్లిన బంతి చాలు, పిచర్ చేతి నుంచి క్యాచర్‌కు అందకుండా పోయిన బంతి చాలు. పైగా 2020 నుంచి మేజర్ లీగ్ లీగ్ దశ మ్యాచ్‌లలో పదో ఇన్నింగ్స్ మొదలుకొని ప్రతి అదనపు ఇన్నింగ్సూ రెండో బేస్ మీద ఒక రన్నర్‌తోనే మొదలవుతోంది. అంటే బంట్‌కు అన్నిటికన్నా అనుకూలమైన పరిస్థితిని నియమమే తెచ్చి ముందు పెడుతోంది. కాలం చెల్లిందని ఏ లెక్కల పేరుతో అంటున్నారో, చివరి ఇన్నింగ్స్‌లో ఆ లెక్కలే బంట్ వైపు నిలబడుతున్నాయి.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ శాతాలు బంట్ అనుకున్నట్టు పడినప్పటివి. పడకపోవచ్చు కూడా. 2001 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ విజేతను తేల్చే చివరి సిరీస్) ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అరిజోనా వరుసగా రెండు బంట్లు చేసింది. మొదటిదాన్ని అందుకున్న న్యూయార్క్ యాంకీస్ పిచర్ మరియానో రివేరా రెండో బేస్‌కు విసిరిన బంతి గురితప్పి సెంటర్ ఫీల్డ్‌లోకి పోయింది. రెండోదాన్ని అదే రివేరా చురుగ్గా అందుకుని మూడో బేస్ దగ్గర రన్నర్‌ను అవుట్ చేయించాడు. ఒకటి ఫలించింది, ఒకటి బెడిసింది. చివరికి అరిజోనా 3-2తో గెలిచింది.

తర్వాతి మాట: ‘హోమ్ రన్లు లేని జట్టు పెద్ద మ్యాచ్‌లు గెలవలేదు.’ దీనికి నా జవాబు 2014 కాన్సాస్ సిటీ రాయల్స్. ఆ ఏడాది మొత్తం 30 జట్లలో అందరికన్నా తక్కువ హోమ్ రన్లు వాళ్లవే, 95. అందరికన్నా ఎక్కువ స్టీల్స్ కూడా వాళ్లవే, 153. సెప్టెంబర్ 30న ఓక్లాండ్‌తో ఒకే ఒక్క మ్యాచ్. ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. ఆటను గణాంకాలతో చూడటంలో ఓక్లాండ్ అప్పటికే లోకమంతా పేరు పొందిన జట్టు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కు రాయల్స్ 3-7తో వెనకబడ్డారు. ఆ ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు తీసి 6-7కు వచ్చారు. తొమ్మిదోది మొదలైంది. బదులు బ్యాటర్‌గా వచ్చిన జాష్ విల్లింగ్‌హామ్ ఒక సింగిల్ (మొదటి బేస్ చేర్చే హిట్) కొట్టాడు. అతని స్థానంలో పరుగెత్తడానికి జారడ్ డైసన్ వచ్చాడు. అల్సిడీస్ ఎస్కోబార్ బంట్ చేసి తాను అవుటై డైసన్‌ను రెండో బేస్‌కు పంపాడు. డైసన్ మూడో బేస్ దొంగిలించాడు. నోరి అయోకి కుడివైపు గాలిలోకి కొట్టిన బంతిని ఫీల్డర్ పట్టుకున్నాడు, డైసన్ హోమ్ ప్లేట్ చేరాడు. 7-7. మళ్లీ చూడండి: ఈ మొత్తం వరుసలో హిట్ ఒక్కటే. ఇద్దరు బ్యాటర్లు అవుటయ్యారు, ఒకడు పరుగెత్తాడు, ఒకడు తన చోటు ఇంకొకరికి వదిలి డగౌట్‌లో కూర్చున్నాడు. నలుగురూ కలిసి తెచ్చిన పరుగు అది. అందులో ఏ ఒక్కరిని తీసేసినా ఆ రాత్రి రాయల్స్ కథ తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనే ముగిసేది.

పన్నెండో ఇన్నింగ్స్‌లో ఓక్లాండ్ మళ్లీ ముందుకెళ్లింది. రాయల్స్ మళ్లీ సమం చేశారు. క్రిస్టియన్ కొలోన్ రెండో బేస్ దొంగిలించాడు, సాల్వడార్ పెరెజ్ ఎడమవైపు గీత వెంట కొట్టిన సింగిల్‌తో అతను పరుగు తీశాడు. 9-8. ఆ మ్యాచ్‌లో రాయల్స్ స్టీల్స్ ఏడు. ఆ తర్వాతి సిరీస్‌లలో ఏంజెల్స్‌ను 3-0తో, ఓరియోల్స్‌ను 4-0తో ఊడ్చేసి వరల్డ్ సిరీస్‌కు చేరారు. అక్కడ ఏడో మ్యాచ్‌లో ఓడినా, మరుసటి ఏడాది టైటిల్ గెలిచారు. హోమ్ రన్లు పనికిరావని నేను అనడం లేదు. అవి లేకపోతే దారే లేదన్న మాటను ఈ జట్టు మైదానంలోనే కొట్టిపడేసిందని అంటున్నాను.

‘స్టీల్ ఒక జూదం’ అన్నది మరో మాట. కాళ్లలో సత్తువ లేనివాడు చేస్తే జూదమే. 2004 అక్టోబర్ 17న బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో డేవ్ రాబర్ట్స్ చేసినది జూదం కాదు. ఆ ఏడాది లీగ్ దశలో అతను 41 సార్లు ప్రయత్నించి 38 సార్లు నెగ్గాడు. యాంకీస్‌తో సిరీస్‌లో బోస్టన్ 0-3తో వెనకబడి ఉంది. నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 3-4. పిచర్ రివేరా. కెవిన్ మిల్లర్ నడకతో (పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఉచితంగా దక్కే బేస్) మొదటి బేస్ చేరాడు, అతని బదులు రాబర్ట్స్ వచ్చాడు. స్టేడియంలో ఉన్న అందరికీ అతను ఎందుకొచ్చాడో తెలుసు. రివేరా మూడుసార్లు మొదటి బేస్‌కు విసిరి అతన్ని వెనక్కి పంపాడు. ఆ తర్వాత బ్యాటర్‌కు వేసిన మొదటి బంతికే రాబర్ట్స్ బయలుదేరి, రెప్పపాటు తేడాతో రెండో బేస్ అందుకున్నాడు. బిల్ మ్యూలర్ సింగిల్‌తో స్కోరు సమమైంది. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్‌తో మ్యాచ్ గెలిపించాడు. అవును, ముగించింది హోమ్ రనే. కానీ ఆ పన్నెండో ఇన్నింగ్స్ వచ్చిందంటే రాబర్ట్స్ కాళ్ల వల్ల. బోస్టన్ అక్కడి నుంచి వరుసగా నాలుగు గెలిచి, 1918 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. ఆ వరల్డ్ సిరీస్‌లో రాబర్ట్స్ ఒక్క నిమిషం కూడా మైదానంలోకి దిగలేదు.

ఇక ‘నేటి ఆటలో వీటికి చోటు లేదు’ అన్నదానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. 2023లో బేస్‌ల వెడల్పును 15 అంగుళాల నుంచి 18కి పెంచి, పిచర్ రన్నర్ వైపు విసిరే సంఖ్యకు హద్దు పెట్టారు. 2022లో 2,486గా ఉన్న స్టీల్స్ ఆ ఒక్క ఏడాదిలో 3,503కు చేరాయి.

నన్ను నిజంగా బాధపెట్టేది చివరి మాట: ‘గణాంకాల్లోకి ఎక్కనిదానికి విలువ లేదు.’

2001 అక్టోబర్ 13, ఓక్లాండ్. యాంకీస్ 1-0 ముందంజలో ఉన్నారు, ఏడో ఇన్నింగ్స్. ఓక్లాండ్ బ్యాటర్ టెరెన్స్ లాంగ్ కుడి మూలకు డబుల్ (రెండో బేస్ చేర్చే హిట్) కొట్టగా మొదటి బేస్ నుంచి జెరెమీ గియాంబీ హోమ్ ప్లేట్ దారి పట్టాడు. యాంకీస్ ఫీల్డర్ షేన్ స్పెన్సర్ విసిరిన బంతి మధ్యలో అందుకోవలసిన ఇద్దరి తలల మీదుగా పోయింది. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ మైదానం అడ్డంగా పరుగెత్తుకొచ్చి మొదటి బేస్ గీత దగ్గర దాన్ని అందుకుని, ఆగకుండా పక్కకు విదిల్చాడు. క్యాచర్ పొసాడా ఆ బంతిని గియాంబీ కాలికి తాకించాడు. అవుట్. యాంకీస్ 1-0తోనే గెలిచారు, 0-2తో వెనకబడిన సిరీస్‌ను 3-2తో దక్కించుకున్నారు. స్కోరు పుస్తకంలో జీటర్‌కు దక్కింది ఒక అసిస్ట్, అంటే అవుట్‌కు సాయపడ్డాడన్న గుర్తు. మొదటి ఇన్నింగ్స్‌లో మామూలుగా బంతి అందుకుని విసిరినా దక్కేది అదే. ఎవరైనా గురి తప్పితే అక్కడ ఇంకొకరు ఉండాలని ఉరికిన ఆ ఉరుకుకు పుస్తకంలో గడి లేదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే జపాన్ షార్ట్‌స్టాప్ సోసుకే గెండాను చూడండి. దేశాల జట్లు తలపడే 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో కొరియాతో ఆడుతూ అతని కుడిచేతి చిటికెన వేలు విరిగింది. అయినా ఆడాడు. మార్చి 20న మయామీలో మెక్సికోతో సెమీఫైనల్. ఏడో ఇన్నింగ్స్‌లో రెండో బేస్ దొంగిలించబోయిన రన్నర్‌కు గెండా బంతి తాకించాడు. అంపైర్ నాటౌట్ అన్నా, వీడియో చూశాక అవుట్ అయింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో జపాన్ 3-5తో వెనక ఉంది. మొదటి, రెండో బేస్‌ల మీద ఇద్దరు రన్నర్లు, అవుట్లు లేవు. గెండా బంట్ చేయాలి. అప్పటికే రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుట్. ఇక్కడ నియమం కఠినం: రెండు స్ట్రైకుల తర్వాత బంట్ ఫౌల్‌గా (గీతల బయటికి) పోతే బ్యాటర్ అవుట్, రన్నర్లు ఎక్కడివారక్కడే. విరిగిన వేలితో బ్యాట్ పట్టుకుని గెండా బంతిని గీతల లోపలే పడేశాడు. తాను అవుటయ్యాడు, ఇద్దరూ ముందుకు జరిగారు. యమకావా గాలిలోకి కొట్టిన బంతికి ఒక పరుగు వచ్చి 4-5 అయింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒహతాని డబుల్, యోషిదా నడక, మురకామి డబుల్. ఆ డబుల్‌కు మొదటి బేస్ నుంచి హోమ్ దాకా దూసుకొచ్చి గెలుపు పరుగు తీసింది యోషిదా బదులు వచ్చిన ఉక్యో షూటో. 6-5. లోకమంతా మురకామి బొమ్మ చూసింది. తప్పేమీ లేదు. కానీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వచ్చిన ఆ ఒక్క పరుగును తీసేసి మళ్లీ లెక్కపెట్టండి.

గెండాకు పుస్తకంలో కనీసం శాక్రిఫైస్ (త్యాగం) అన్న గుర్తయినా ఉంది. ఆ బంట్ అతని బ్యాటింగ్ సగటును తగ్గించదు. అది కూడా దక్కనివాళ్లు ఉన్నారు. రెండో బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు, ఎడమవైపు బలంగా కొట్టగల బ్యాటర్ కావాలనే బంతిని కుడివైపు నేల మీద దొర్లించి, రన్నర్‌ను మూడో బేస్‌కు పంపి తాను అవుటవుతాడు. దీన్ని పుస్తకం త్యాగంగా రాయదు. మామూలు వైఫల్యంగా రాసి, అతని సగటు తగ్గిస్తుంది. మరుసటి ఏడాది జీతం మాట్లాడుకునేటప్పుడు బల్లమీద ఉండేది ఆ సగటే. సెకండ్ బేస్‌మన్ అందుకుని ఫస్ట్ బేస్‌మన్‌కు విసిరాడని 4-3 అన్న రెండు అంకెలు మాత్రం ఆ గడిలో పడతాయి. అతను తల వంచుకుని డగౌట్ మెట్లు దిగేసరికి, హోమ్ రన్ కొట్టినవాడికి లేచినట్టే జట్టంతా లేచి నిలబడి అతని చేతులు చరుస్తుంది.