140 సెంటీమీటర్ల గీత గారికి

మహారాజశ్రీ రోలర్ కోస్టర్ ముంగిట వెలసిన ఎత్తు కొలిచే బోర్డు మీది ఎర్ర గీత గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. నిన్న మధ్యాహ్నం రెండు గంటల వేళ ఈ వాక్యం మళ్లీ రాయగలనన్న నమ్మకం నాకు లేదు. తమరి క్షేమం అడగవలసిన పనే లేదు; ఎండకూ వానకూ, వేల మంది పిల్లల నడినెత్తుల రాపిడికీ చెక్కుచెదరకుండా ఉన్నారని నిన్ననే కళ్లారా చూశాను.

సిఫారసు పనిచేయని ఉద్యోగి మన దేశంలో ఎక్కడైనా ఉన్నారా అని అడిగితే నేను మీ పేరే చెబుతాను. నా చిన్నతనంలో ఆర్టీసీ బస్సు కండక్టరు "బాబుకు ఎన్నేళ్లమ్మా" అని అడిగినప్పుడల్లా మా అమ్మ వరుసగా మూడేళ్ల పాటు పదకొండేళ్లే చెప్పింది. ఆఖరి ఏడాది నాకు నూనూగు మీసాలు కూడా వచ్చాయి. కండక్టరు నన్ను చూసి, అమ్మను చూసి, పోనీలే అనుకొని అరటికెట్టే కొట్టాడు. ఊరి జాతరలో రంగులరాట్నం వాడి లెక్క ఇంకా సులువు: చేతిలో డబ్బులున్న ప్రతివాడూ తగినంత ఎత్తున్నవాడే. మీ దగ్గర ఆ దయాదాక్షిణ్యాలు లేవు. పైగా టికెట్ల కౌంటరు దగ్గర మీ తోబుట్టువు ఒకరు కాపురం ఉన్నారు. వారి గీత దాటితే పెద్దల టికెట్టు, మీ గీత దాటితే పెద్దల స్వారీ. అక్కడ కాస్త మోకాళ్లు వంచరా అని మావాడికి సైగ చేశాను. వాడు తాటిచెట్టులా నిలబడ్డాడు. డబ్బు కట్టేటప్పుడు పొట్టిగానూ ఎక్కేటప్పుడు పొడుగ్గానూ ఉండే ఏర్పాటు ఏ పార్కులోనూ లేకపోవడం మధ్యతరగతి వారికి జరుగుతున్న అన్యాయమని ఈ సందర్భంగా మనవి చేసుకుంటున్నాను.

అసలు విషయానికి వస్తాను. మూడేళ్లుగా దసరా సెలవులకు మేము మీ సన్నిధికి వస్తున్నాం, మూడేళ్లుగా మీరు మావాణ్ణి వెనక్కి పంపుతున్నారు. "నువ్వు ఎత్తు పెరగ్గానే ఇద్దరం కలిసి ఎక్కుదాం నాన్నా" అని వాడి భుజం తట్టి, ఒక నిట్టూర్పు విడిచి, ఐస్‌క్రీము కొనిపెట్టి, బొమ్మ రైలు వైపు తీసుకెళ్లేవాణ్ణి. ఆ నిట్టూర్పులో బాధ ఎంతో, బతికిపోయానన్న సంతోషం ఎంతో మీకు తప్ప ఎవరికీ తెలియదు. నా పిరికితనానికి మీరు గోడ. ఆ గోడ చాటున నేను మూడేళ్లు శూరుణ్ణి.

భయం మనిషి చేత చదివిస్తుంది. ఎక్కకుండా ఉండడానికి శాస్త్రీయమైన కారణం దొరకకపోతుందా అని ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివాను. రష్యాలో మంచు పరిచిన చెక్క వాలుల మీద జారే ఆటతో ఇది మొదలైందట, ఫ్రెంచి వారు నేటికీ దీనిని "రష్యా కొండలు" అనే పిలుస్తారట. 1884లో న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన నడిపిన బండి గంటకు పది కిలోమీటర్ల లోపు వేగంతో పోయేది, టికెట్టు ఐదు సెంట్లు. ఆ వేగానికి మా వీధి కుక్క కూడా లేచి వెంటపడదు. దానిని నేను కుటుంబ సమేతంగా, కావాలంటే నిలబడి, ఎక్కుతాను. పదకొండేళ్లు తిరిగేసరికి అదే ఊరిలో పూర్తి గుండ్రటి చక్రంలో తలకిందులుగా తిప్పే బండి ఒకటి వెలిసి, ఎక్కిన వారి మెడలు పట్టేసేలా చేసిందట. చక్రంలోకి దూరిన మరుక్షణమే ఒంటి బరువు ఒక్కసారిగా ఎన్నో రెట్లయి మెడ మీద పడడం దానికి కారణం. అందుకే 1976లో కాలిఫోర్నియాలో వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు కింద విశాలంగా, పైన ఇరుకుగా, నీటిబొట్టు ఆకారంలో ఆ చక్రాన్ని మలిచాడు. ఇప్పటివన్నీ దాదాపు ఆ దారినే నడుస్తున్నాయి. బుద్ధిమంతుడైతే ఇది చదివి ధైర్యం తెచ్చుకొనేవాడు, నా ధ్యాస మాత్రం ఆ మొదటి మెడల దగ్గరే ఆగిపోయింది.

మీ ఉద్యోగం ఏమిటో కూడా ఆ చదువులోనే బోధపడింది. మీరు వయసు అడగరు, ధైర్యం అడగరు. భుజాల మీదకు దిగే ఆ ఇనుప కవచం పెద్దల ఒంటి కొలతకు తయారైనది కనుక, శిఖరం దాటి బండి కిందికి దూకేటప్పుడు ఒళ్లు సీటు మీది నుంచి లేచే క్షణంలో చిన్నపిల్లలు దాని కింది నుంచి జారిపోకుండా చూడడమే మీ పని. ఇంత న్యాయమైన పని చేసేవారు నాకు చేసిన ద్రోహం ఇప్పుడు వినండి.

నిన్న మావాడు చెప్పులు విప్పి మీకు వీపు ఆనించి నిలబడ్డాడు. మునివేళ్ల మీద లేవబోతే సిబ్బందిలోని అమ్మాయి "మడమలు కింద పెట్టు బాబూ" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మడమలు దించాడు. ఆమె అట్టముక్క ఒకటి వాడి నెత్తి మీద అడ్డంగా ఆనించి, జుట్టు అణిచి, వంగి చూసి, "పంపించొచ్చు సార్" అంది. అట్ట మీ గీతకు అర సెంటీమీటరు పైన ఉంది. ఆ అర సెంటీమీటరు మొన్న వేసవిలో మా అత్తగారింట్లో తిన్న మామిడిపళ్లదే అయి ఉంటుంది. మగవాడు పోలీసు కానిస్టేబుల్ కావడానికి 167.6 సెంటీమీటర్లు కావాలంటారు కదా, ఆ పట్టుదలలో కొంతైనా మీరు చూపి ఉంటే ఏం పోయేది?

యాభై నిమిషాలు వరుసలో నిలబడి రెండు నిమిషాలైనా లేని స్వారీ చేశాం. అందులో నాకు గుర్తున్నది గొలుసు మీద పైకి ఎక్కిన భాగమే. బండి అడుగున కటకటకట అంటూ ఒక చప్పుడు వస్తుంది. బండి వెనక్కి జారకుండా పళ్ల పట్టాలో పడే కొక్కెం చప్పుడు అది. అంటే మనల్ని కాపాడుతున్న చప్పుడు. అది నాకు తెలుసు, నా కాళ్లకు తెలియలేదు. పట్టాను కింది నుంచి కూడా పట్టుకొనే చక్రాలను జాన్ మిల్లర్ అనే అమెరికన్ కనిపెట్టాడనీ, 1919 నుంచీ ఆ ఏర్పాటు ఉందనీ, కనుక బండి ఎగిరిపోదనీ పక్కనున్న కొడుకుకు వివరించడం మొదలుపెట్టాను. "నాన్నా, నువ్వు నా చెయ్యి పిసికేస్తున్నావు" అన్నాడు వాడు. ఆ తరువాత చప్పుడు ఆగింది. ఆ తరువాతది నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను.

దిగాక ఫొటోల కౌంటరులో మా బొమ్మ తెర మీద కనిపించింది. మావాడు రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్నాడు. పక్కనున్నది నేనేనని మా ఆవిడ చొక్కా గళ్లను బట్టి గుర్తుపట్టింది. డబ్బులిచ్చి కొనింది కూడా. ప్రస్తుతం అది ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, మాకు ఒక అమ్మాయి కూడా ఉంది. నిన్న అన్నయ్య దిగి రాగానే తానూ వెళ్లి మీ ముందు నిలబడింది, మీ గీతకు జానెడు కింద ఆగిపోయింది. "నువ్వు పెరగ్గానే ఇద్దరం కలిసి ఎక్కుదాం తల్లీ" అన్న మాట పాత అలవాటు కొద్దీ నా నోటి నుంచి వచ్చేసింది. రాత్రి ఇంటికి రాగానే ఆ పిల్ల పెన్సిలు తెచ్చి వంటింటి గుమ్మానికి వీపు ఆనించి గీత గీయమంది. మీకు ఈసారి రంగు వేయడానికి ఎవరైనా వస్తే, దయచేసి ఒక అంగుళం పైకి జరగమని ప్రార్థన.

ఇట్లు,
తమరి చాటున మూడేళ్లు ధైర్యవంతుడిగా చలామణి అయిన ఒక తండ్రి